ఆప్తుడు అంటే ఎవరు? ఎక్కడ వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక ప్రెస్సులో ప్రూఫులు చూడడం నా పని. పెళ్లి పత్రికలు, సన్మాన పత్రాలు, దినాల కార్డులు, ఫ్లెక్సీలు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. వాటిలో జనం ముచ్చటపడి రాయించుకునే మాటల్లో 'ఆప్తుడు' ఒకటి. తప్పు చోట పెట్టించుకునే మాటల్లో కూడా అదే ముందుంటుంది. కౌంటరు దగ్గర నిలబడి అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబులే ఇవి, కాస్త వివరంగా.

ఆప్తుడు అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

నమ్మదగిన స్నేహితుడు. ఇంకొంచెం సరిగ్గా చెప్పాలంటే, ఎవరి మాట విన్నాక మళ్లీ ఇంకొకరిని అడగాలనిపించదో అతను. కూతురికి ప్రొద్దుటూరు సంబంధం వచ్చింది, పిల్లోడి సంగతి ఎవర్ని అడగాలి? తెలిసినవాళ్లు ఆ ఊళ్లో పదిమంది ఉంటారు. "వాడు సరే అంటే ఇంకేం చూడక్కర్లేదు" అనిపించేది ఒక్కడి విషయంలోనే. ఆ ఒక్కడు ఆప్తుడు.

ఆ అర్థం ఎలా వచ్చింది?

సంస్కృతంలో 'ఆప్' అనే ధాతువుకు పొందడం, చేరడం అని అర్థం. దాన్నుంచి వచ్చిన 'ఆప్త'కు మొదటి అర్థం పొందినది, చేరినది. మనం రోజూ వాడే మాటల్లో ఇదే ధాతువు దాక్కుని ఉంది. ప్ర చేరితే ప్రాప్తం, వి చేరితే వ్యాప్తం, సమ్ చేరితే సమాప్తం. "ప్రాప్తం ఉంటే దక్కుతుంది" అనే ముసలమ్మ నోట్లో, "వ్యాధి వ్యాప్తి" అని రాసే విలేకరి చేతిలో ఉన్నది ఆ ధాతువే. 'ఆప్తకాముడు' అంటే కోరికలన్నీ తీరినవాడు. అక్కడ స్నేహం ఊసే లేదు, పాత అర్థం అలాగే నిలిచిపోయింది. మనిషి విషయంలో మాత్రం మనసుకు చేరినవాడు, నమ్మకం పొందినవాడు అని అర్థం స్థిరపడింది.

తర్కంలో 'ఆప్తవాక్యం' అంటారు కదా, అందులో ఆప్తుడూ ఈ ఆప్తుడూ ఒకటేనా?

ఒకటే. ఈ మాట బరువు తెలియాలంటే అక్కడికి పోవాల్సిందే.

ఒక విషయం నిజమని మనకు ఎలా తెలుస్తుంది? కళ్లతో చూస్తాం, లేదా ఊహించి తేల్చుకుంటాం. ఇవి కాక ఇంకో దారి ఉంది, నమ్మదగినవాడు చెప్పగా తెలుసుకోవడం. పాత తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు దీన్ని "ఆప్తోపదేశః శబ్దః" అన్నాయి. ఆప్తుడు చెప్పిన మాట కూడా ప్రమాణమే, అంటే నిజం తెలుసుకునే దారే అని భావం. తర్వాతి కాలంలో తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీన్ని ఇంకా చిన్నది చేసి "ఆప్తస్తు యథార్థవక్తా" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. ప్రేమగా ఉండేవాడనీ, రోజూ కలిసేవాడనీ, అప్పిచ్చేవాడనీ ఎక్కడా లేదు.

న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో రెండు సంగతులు కలిపాడు. ఆప్తుడికి విషయం స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు ఎదుటివాడికి చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమే అని కూడా అన్నాడు. అంటే కులం, చదువు, ఊరు చూసి ఆప్తుణ్ణి తేల్చరు. అంత పాత గ్రంథంలో ఈ వాక్యం కనబడితే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన వైపు ఉదాహరణ కావాలంటే బోరు వేయించడం చూడండి. అనంతపురం జిల్లాలో రైతుకు అంతకన్నా టెన్షన్ పెట్టే పని తక్కువ. బావమరిది వచ్చి "వేసేయ్ బావా, గంగమ్మ తల్లి కరుణిస్తుంది" అంటాడు. వాడికి మన మీద ప్రేమ ఉంది, భూమిలో ఏముందో మాత్రం తెలీదు. బోరు బండి ఏజెంటుకు ఆ చుట్టుపక్కల ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో, ఎన్ని బోర్లు ఎండిపోయాయో అంతా తెలుసు, కానీ అడుగు లెక్కన డబ్బులు వచ్చేది అతనికే. పక్క చేనాయన మూతి విరిచి, "ఆరు నూర్ల అడుగులు పోయినా, దుమ్ము తప్ప ఏం రాలేదు. నీది నాకన్నా మెరక. నీ ఇష్టం" అంటాడు. ఆయనతో మనకు గట్టు తగాదా కూడా ఉండొచ్చు. అయినా ఈ విషయంలో ఆప్తుడు ఆయనే. తెలిసినవాడు, ఉన్నది చెప్పినవాడు. మొదటివాడికి తెలియదు, రెండోవాడు చెప్పడు.

వైద్యంలో చరకుడు కూడా ఆప్తోపదేశాన్ని ప్రమాణాల్లో చేర్చాడు. రజస్సు, తమస్సు (మనసును కలతపెట్టే, మసకబార్చే గుణాలు) వదిలినవాళ్లు ఆప్తులని అక్కడి లెక్క. అది చాలా పెద్ద కొలత, మన ఫ్లెక్సీలకు సరిపోదు.

స్నేహితుడు, మిత్రుడు, ఆత్మీయుడు, సన్నిహితుడు… అన్నీ ఒకటే కదా, ఏది రాస్తే ఏం?

పద్యంలో గణాలు కుదరక మార్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు. వచనంలో మాత్రం తేడా తెలుస్తుంది.

స్నేహం అంటే సంస్కృతంలో నూనె, జిడ్డు అని కూడా అర్థం. అంటుకుని ఉండడం అందులో ఉంది, అందుకే స్నేహితుడు అనగానే కలిసి తిరగడం గుర్తొస్తుంది. మిత్రుడి సంగతి తమాషా. సంస్కృతంలో స్నేహితుడనే అర్థంలో ఆ మాట నపుంసకలింగం, 'మిత్రం'. పుంలింగంలో 'మిత్రః' అంటే సూర్యుడు. సూర్య నమస్కారాలు చేసేవాళ్లు మొదట చెప్పే "ఓం మిత్రాయ నమః"లో ఉన్నది ఆయనే. తెలుగులోకి వచ్చేసరికి ఇద్దరూ మిత్రుడే అయ్యారు. సన్నిహితుడు అంటే దగ్గర ఉంచబడినవాడు. దగ్గరితనమే తప్ప నమ్మకం గురించి ఆ మాట ఏమీ చెప్పదు, పేపర్లో "మంత్రి సన్నిహితుడి ఇంట్లో సోదాలు" అని రాస్తారు చూడండి, అదీ. ఆత్మీయుడు అంటే తనవాడు. ఇది మనసుకు సంబంధించిన మాట, మెత్తగా ఉంటుంది.

వీటన్నిటిలో నమ్మకం మీదే నిలబడింది ఆప్తుడు. పక్కనే కూర్చుని నవ్వుతూ అబద్ధాలాడేవాణ్ణి స్నేహితుడు అనడానికి అడ్డు లేదు. నిజం చెప్తే మీకే చాలామంది అలాంటివాళ్లు ఉంటారు. వాణ్ణి ఆప్తుడు అనడం కుదరదు.

మన సీమలో మాట్లాడేటప్పుడు ఎవరైనా 'ఆప్తుడు' అంటారా?

రచ్చబండ దగ్గర కూర్చుని "వీడు నా ఆప్తుడు" అంటే అందరూ తిరిగి చూస్తారు. అది రాతలో మాట, మైకు ముందు మాట. నోటి మాటలు వేరే ఉన్నాయి.

కడప, అనంతపురం పల్లెల్లో జతగాడు, సావాసగాడు వినిపిస్తాయి. సావాసం అంటే సహవాసమే. "ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు" అన్న సామెతలో ఉన్నది అదే. కాకపోతే సావాసానికి కొంచెం చెడ్డపేరు అంటుకుంది. కొడుకు చెడిపోతే "సావాసం అట్లాంటిది" అంటారు గానీ, ఫస్టు క్లాసులో పాసైతే ఎవరూ అనరు. కర్నూలు పాతబస్తీలో, ఆదోనిలో దోస్తు ఉంది, ఇంకా గట్టిగా చెప్పాలంటే జిగ్రీ దోస్తు. జిగర్ అంటే పారసీలో కాలేయం. మనం గుండెకు కట్టబెట్టే ప్రేమను వాళ్లు కాలేయానికి ఇచ్చారు. తురకం మాట్లాడే ఇళ్లలోనే కాదు, ఆ ఊళ్లలో అందరి నోటా ఉంది.

అసలు ఆప్తుడికి సరిగ్గా అతికే సీమ మాట ఏదంటే, నా లెక్కలో 'కావాల్సినోడు'. "ఆయప్ప మాకు బాగా కావాల్సినోడు" అన్నారంటే బంధువా స్నేహితుడా అని మళ్లీ అడగరు, పని జరిగిపోతుంది. ఇంకో రకంగా చెప్పాలంటే "కడుపులో మాట చెప్పుకునే మనిషి". చెప్పింది వాడి కడుపులోనే ఉంటుంది, బజారుకెక్కదు. సన్మాన పత్రంలో ఆప్తుడు రాయించుకునేవాళ్లకు మనసులో ఉండేది ఇదే. కానీ "మాకు బాగా కావాల్సినోడు" అని ఫ్రేము కట్టించి ఇస్తే బాగుండదని భయం.

అనంతపురంలో అందరినీ 'అప్పా' అంటారు కదా, అది ఆప్త నుంచే వచ్చిందంటున్నారు?

కాదు. "ఏమప్పా", "రాప్పా"లో ఉన్న అప్ప ద్రావిడ మాట, తండ్రి అని అర్థం. తమిళం, కన్నడల్లో ఇప్పటికీ అదే. పెద్దవాళ్లను గౌరవంగా పిలవడానికి మొదలై, చివరికి చిన్నపిల్లోణ్ణి కూడా "తిను అప్పా" అని బుజ్జగించే దాకా వచ్చింది. కృష్ణదేవరాయలు తిమ్మరుసును అప్పాజీ అని పిలిచేవాడని చెప్పుకుంటారే, అందులోనూ ఉన్నది ఈ అప్పే. తిమ్మరుసు ఆప్తుడు కాదా అంటే, అయ్యే ఉంటాడు. పెనుకొండలో ఆయన సమాధి అని చూపించే కట్టడం ముందు నిలబడితే, ఆ నమ్మకం చివరికి ఏమైందని చెప్పుకునే కథ కూడా గుర్తొస్తుంది. పదం మాత్రం వేరే.

హిందూపురం దాటితే కన్నడ బోర్డుల మీద 'ఆప్త' ఎక్కువగా కనిపిస్తుంది. అర్థం మారిందా?

బాగా గమనించారు. మడకశిర, హిందూపురం, రాయదుర్గం వైపు వాళ్లు కన్నడ పేపర్లు కూడా తిరగేస్తారు కాబట్టి ఈ ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. కన్నడంలో 'ఆప్త సహాయక' అంటే మంత్రులకూ అధికారులకూ ఉండే పీఏ. 'ఆప్త సమాలోచన' అంటే కౌన్సెలింగ్. మనం వ్యక్తిగత కార్యదర్శి అంటాం, వాళ్లు ఆప్త అని పెట్టారు. రహస్యాలు తెలిసినా బయటపెట్టనివాడు అన్న అర్థం ఉద్యోగం పేరుగా మారిందన్నమాట. కౌన్సెలింగ్ విషయంలో నాకు కన్నడం వాళ్ల మాటే నచ్చింది.

దాన్ని తెచ్చి తెలుగులో "ఎమ్మెల్యే గారి ఆప్త సహాయకుడు" అని రాస్తే మాత్రం చదివేవాడు ఆగిపోతాడు. ప్రాణస్నేహితుడా, జీతగాడా? తెలుగు పత్రికలో పీఏ అనే రాయండి. మరాఠీలో ఇంకో దారి, అక్కడ ఆప్త అంటే ఏకంగా చుట్టం.

ఆప్తుడు, ఆపద్బాంధవుడు ఒకే మూలమా?

చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ చుట్టరికం లేదు. ఆపద అనేది 'పద్' ధాతువు నుంచి, వచ్చి మీద పడేది అన్న అర్థంలో వచ్చింది. ఆపద్బాంధవుడు కష్టంలో ఆదుకునేవాడు, అతను మీకు అంతకుముందు తెలియాల్సిన పని కూడా లేదు. నల్లమల ఘాటులో అర్ధరాత్రి బండి ఆగిపోతే టైరు మార్చి పేరు చెప్పకుండా పోయిన లారీ డ్రైవరు ఆపద్బాంధవుడే. ఆప్తుడు మాత్రం కాదు.

విపత్తుల్లో సాయం చేయడానికి ఊరివాళ్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ పథకం పేరు 'ఆపద మిత్ర'. దాన్ని 'ఆప్తమిత్ర' అని కొట్టుకొస్తారు కొందరు. కార్యక్రమం బ్యానరు మీద అది సరిచూసుకోండి.

ఆడవాళ్లకు ఏమని రాయాలి?

ఆప్తురాలు. బహువచనం ఇద్దరికీ ఆప్తులు. "ఆమె మా అమ్మకు ఆప్తుడు" అని వచ్చిన మ్యాటరు కూడా చూశాను, అలా రాయకండి. మాటల్లో అయితే ఆడవాళ్లకు ఈ మాట ఇంకా దూరం. పక్కింటావిడ రెండేళ్లలో "వదినా" అయిపోతుంది, ఈడుదైతే "మే" అని పిలిచేంత చనువు. తాళాలు ఇచ్చి ఊరెళ్లేది ఆ వదినకే.

స్పెల్లింగు ఎలా?

దీర్ఘంతో, 'ఆ'. ప కింద త వత్తు. 'అప్తుడు', 'ఆప్థుడు' రెండూ తప్పులే. ఆప్తమిత్రుడు, ఆప్తబంధువు, ఆప్తవాక్యం కలిపి రాయాలి, మధ్యలో ఖాళీ వదలొద్దు. పరమ, ఆప్తుడు కలిస్తే పరమాప్తుడు. ఫోనులో టైపు చేసి పంపేవాళ్లకు 'ఆప్తుడు' కాస్తా 'గుప్తుడు' అయిపోవడం మామూలే. ప్రూఫు తీసుకుని ఒకసారి పైకి చదవండి.

పుట్టినరోజు ఫ్లెక్సీ మీద 'మా ఆప్తుడు' అని వేయించొచ్చా?

వ్యాకరణం అడ్డు చెప్పదు, నేనైతే వద్దంటాను. కారణం ఉంది. మన దగ్గర ఈ మాట అచ్చులో ఎక్కువగా కనిపించేది శ్రద్ధాంజలి ప్రకటనల్లో. "మా ఆప్తులు స్వర్గస్థులైనారని తెలుపుటకు చింతిస్తూ" అని చదివి చదివి కళ్లు అలవాటు పడ్డాయి. ఇప్పుడు పూలదండల బొమ్మ, మధ్యలో గుండ్రంగా ఫొటో, కింద "మా ఆప్తుడు" అని పెడితే, దూరం నుంచి చూసినవాడు బండి స్లో చేసి "అయ్యో, ఎప్పుడు పోయినాడు?" అంటాడు. నలుపు అంచు లేకపోయినా అంటాడు. కేకు బొమ్మ పక్కన మిత్రుడు, అన్న, మామ ఏదైనా పెట్టుకోండి.

సన్మాన పత్రంలో, పదవీ విరమణ సభలో, పుస్తకం అంకితంలో అయితే నిక్షేపంగా వాడొచ్చు. అక్కడ పొగిడే మనిషి ఎదురుగా కూర్చునే ఉంటాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పెళ్లి పత్రికలో?

అవసరం లేదు. కింద "బంధుమిత్రుల అభినందనలతో" ఎలాగూ ఉంటుంది. అక్కడ "ఆప్తుల అభినందనలతో" అంటే మిగతావాళ్లు ఏమైనట్టు? పిలిచిన ఐదు నూర్ల మందీ ఆప్తులు కారు, ఆ సంగతి కార్డులో చెప్పుకోవడం దేనికి.

ఉత్తరం రాసేటప్పుడు 'ఆప్తుడా' అని పిలవొచ్చా?

పిలిస్తే నాటకంలా ఉంటుంది. ఈ మాటను మనిషి గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడే వాడతాం, మనిషిని పిలవడానికి కాదు. పాత ఉత్తరాల్లో "ఆప్తులు శ్రీ ఫలానా వారికి" అని మొదలుపెట్టేవారు, అది బాగానే ఉంటుంది. పిలవడానికి మనకు అబ్బీ, మామా, బావా, అన్నా ఉండనే ఉన్నాయి.

నాయకుడి ఆప్తుడు, నాయకుడి అనుచరుడు: తేడా ఏమిటి?

ఫ్లెక్సీ వేయించే కుర్రోళ్లు ఇది కావాలనే కలిపేస్తారు. అనుచరుడు వెనక నడిచేవాడు. నమ్మినబంటు చెప్పింది చేసేవాడు. కుడిభుజం పనులు చక్కబెట్టేవాడు. ఆప్తుడు ఎదురు చెప్పగలిగినవాడు కూడా అయ్యుండాలి. "అన్నా, ఈ సీటు మనకు రాదు, డబ్బు పోగొట్టుకోవద్దు" అని ముఖం మీద అనగలిగితే ఆప్తుడు. యథార్థవక్త అన్నారు కదా. అలాంటివాడి ఫొటో ఫ్లెక్సీ మీద ఉండే అవకాశం తక్కువ, ఉన్నా మూలన అగ్గిపెట్టె సైజులో ఉంటుంది. వార్త రాసేటప్పుడు మీకు రుజువున్నది వెంట తిరగడం ఒక్కటే అయితే 'అనుచరుడు' అని ఊరుకోండి.

చుట్టాన్ని ఆప్తుడు అనొచ్చా?

అనొచ్చు, ఆప్తబంధువు అనే మాటే ఉంది. చుట్టమైనంత మాత్రాన ఆప్తుడు కాడని ఆ మాటే చెప్తోంది, లేకపోతే విడిగా ఆప్త అని చేర్చే పనేముంది? "ఆపదైన వేళ నరసి బంధుల జూడు" అన్నాడు వేమన, కదిరి పక్కన కటారుపల్లిలో సమాధి ఉన్న ఆయనే.

దీనికి వ్యతిరేక పదం?

అనాప్తుడు. నిఘంటువుల్లో, తర్కం పుస్తకాల్లో తప్ప కనబడదు. శత్రువు అని అర్థం కాదు, నమ్మదగనివాడు అనే. వాడుకలో "వాడి మాట నీళ్ల మీద రాత" అంటే సరిపోతుంది.

ఆప్తుడు అడిగాడని బ్యాంకులో షూరిటీ సంతకం పెట్టొచ్చా?

ఇది పదం గురించిన ప్రశ్న కాదు, కానీ ప్రెస్సు పక్కనే జిరాక్సు అంగడి ఉన్నందువల్ల నన్ను తరచూ అడుగుతారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీను ఉన్నవాడి బాధ్యతా అంతే. ముందు వాడి మీద పడి, వాడి దగ్గర రాకపోతేనే మన దగ్గరికి రావాలని బ్యాంకుకు నిబంధన ఏమీ లేదు, నేరుగా మనకే నోటీసు పంపొచ్చు. "వాడు నా ఆప్తుడు సార్, కట్టేస్తానన్నాడు" అంటే మేనేజరు వింటాడు, టీ కూడా తెప్పిస్తాడు, లెక్క మాత్రం మారదు. కాబట్టి కాగితంలో మొత్తం ఎంత, వడ్డీ ఎంత, ఎన్నాళ్లు అనేది చదివి, వాడు కట్టకపోతే మనం కట్టగలమా అని చూసుకుని పెట్టండి. నిజంగా ఆప్తుడైతే తన పరిస్థితి ఏమిటో అడగకముందే చెప్తాడు. ఖాళీలు వదిలిన ఫారం మీద మాత్రం ఎవరడిగినా పెట్టకండి.